తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే కుక్క చెవి బాధ: కర్ణభేరి వెనక ఏం జరుగుతోంది?

తొలకరి పడి గాలిలో తేమ పెరిగిందంటే పెంపుడు కుక్కల్లో చెవి బాధలు మొదలవుతాయి. ల్యాబ్రడార్, కాకర్ స్పానియల్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి వాలు చెవుల జాతుల్లో మరీ ఎక్కువ. ఊరికే తల విదిలించడం, వెనక కాలితో చెవి గోక్కోవడం, సోఫా అంచుకి చెంప రాసుకోవడం చూసి ఇంట్లోవాళ్లు చెవి డొప్ప ఎత్తి చూస్తారు. లోపల గోధుమ రంగు జిగురు, పులిసిన పిండి లాంటి వాసన. మందుల షాపు నుంచి చుక్కల మందు వస్తుంది. నాలుగు రోజులు వేస్తే తగ్గుతుంది. నెల తిరక్కుండా మళ్లీ అదే వాసన, మళ్లీ అదే సీసా.

ఇలా ఒకటి రెండేళ్లు గడిచాక ఓ రోజు పొద్దున్నే ఆ కుక్క లేవబోయి ఒక పక్కకి పడిపోతుంది. తల ఒరిగిపోయి ఉంటుంది. కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటుంటాయి. తిన్నదంతా కక్కేస్తుంది. పక్షవాతం వచ్చిందనో, ఎవరో ఏదో పెట్టేశారనో ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. రాత్రికి రాత్రి వచ్చిన జబ్బులా కనిపించినా చాలాసార్లు ఇది పాత జబ్బే. తగ్గిందనుకున్న ప్రతిసారీ అది తగ్గింది బయటి చెవిలో మాత్రమే. చుక్కల మందు చేరని చోట, కర్ణభేరి వెనక, అది అలాగే ఉండిపోయింది. అందుకే తిరగబెట్టే చెవికి ఏ మందు వేయాలన్నది రెండో ప్రశ్న. ఇన్ఫెక్షన్ ఎంత లోతుకు వెళ్లిందన్నది మొదటి ప్రశ్న. చాలా ఇళ్లలో ఈ మొదటి ప్రశ్న ఎవరూ అడగరు. అసలు చిక్కు అక్కడే ఉంది.

వంపు తిరిగిన గొట్టం, దాని చివర ఒక గది

మనిషి చెవి గొట్టం దాదాపు తిన్నగా, సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. కుక్కది అలా కాదు. జాతిని బట్టి 5 నుంచి 10 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, పైగా మధ్యలో వంపు. ముందు నిట్టనిలువుగా కిందికి దిగి, అక్కడి నుంచి తల లోపలి వైపు అడ్డంగా తిరుగుతుంది. ఇంగ్లిష్ ఎల్ అక్షరం గుర్తు తెచ్చుకుంటే సరిపోతుంది. డొప్ప ఎత్తి టార్చి వేసి చూసినప్పుడు కనిపించేది ఆ నిలువు భాగం మాత్రమే. వంపు అవతల ఏముందో ఇంట్లో ఎవరికీ కనిపించదు.

ఆ అడ్డ గొట్టం చివర పల్చటి పొర, అదే కర్ణభేరి. దాని వెనక గాలి నిండిన చిన్న గది మధ్య చెవి. శబ్దాన్ని లోపలికి మోసే మూడు చిన్న ఎముకలు అందులోనే ఉంటాయి. ఆ గది అడుగు కోడిగుడ్డు పెంకులా పల్చగా, డొల్లగా ఉన్న ఎముక బుడిపెలోకి దిగుతుంది. డాక్టర్లు దాన్ని బుల్లా అంటారు. గదిలోంచి గొంతు వెనక్కి యూస్టేషియన్ నాళం అనే సన్నని దారి ఉంటుంది. ఇంకా లోపల ఉన్నది లోపలి చెవి. వినికిడి, ఒంటి బ్యాలెన్స్ రెండూ దాని పనే.

బుల్లా అడుగు కర్ణభేరి కంటే కిందికి ఉంటుంది. అందులోకి ఒకసారి చీము దిగిందంటే కుండ అడుగున మడ్డిలా పేరుకుంటుంది. తల ఎంత విదిలించినా బయటికి రాదు. పైన గొట్టంలో వేసిన చుక్కలు అంత దూరం పోవు. ఒకవేళ కర్ణభేరికి చిల్లుపడి కాస్త లోపలికి వెళ్లినా, అక్కడి చిక్కటి చీములో ఆ మందు పెద్దగా పని చేయదు.

ఇంకో విషయం. ముఖాన్ని కదిలించే నరం, కంటిపాపను అదుపు చేసే నరాల పోగులు ఈ గది గోడల పక్కనుంచే వెళతాయి. చెవి జబ్బు కంట్లోనూ పెదవిలోనూ కనిపించడానికి కారణం ఇదే. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే జబ్బును చాలా ముందే పట్టుకోవచ్చు.

బయటి చెవి నుంచి లోపలికి

కుక్కల్లో మధ్య చెవి ఇన్ఫెక్షన్ ఎక్కువగా బయటి చెవి నుంచే లోపలికి పాకుతుంది. గొంతు వైపు నాళంలోంచి గానీ రక్తంలోంచి గానీ రావడం తక్కువ. బయటి గొట్టంలో నెలల తరబడి వాపు, చీము ఉంటే కర్ణభేరి మెత్తబడి, పల్చబడి, చివరికి చిరుగుతుంది. క్రిములు లోపలికి దిగుతాయి. ఆ తర్వాత జరిగేదే అందర్నీ మోసం చేస్తుంది. బయట మందు పడి వాపు తగ్గగానే కర్ణభేరి మళ్లీ మూసుకుంటుంది. చీము లోపల ఉండగానే తలుపు పడినట్టు అవుతుంది. పైనుంచి చూస్తే చెవి బాగుపడ్డట్టే ఉంటుంది.

1998లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ సంగతి స్పష్టంగా తేలింది. ఆరు నెలలు, అంతకు మించి చెవి బాధ తిరగబెడుతున్న 23 కుక్కల్ని పరీక్షిస్తే, 46 చెవుల్లో 38 చెవులకు మధ్య చెవి ఇన్ఫెక్షన్ ఉంది. ఆ 38లో 27 చెవుల్లో కర్ణభేరికి చిల్లు లేదు. అంటే పరీక్షలో కర్ణభేరి బాగానే కనిపించినా మధ్య చెవి బాగున్నట్టు కాదు. చిన్న అధ్యయనమే గానీ, పాత చెవి బాధను చూసే తీరు మార్చుకోవడానికి ఇది చాలు.

ఈ చెవుల్లో తరచూ కనిపించేవి మూడు రకాలు. చర్మం మీద మామూలుగానే ఉండే స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా ఒకటి, మలసేజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) రెండోది. మూడోది సూడోమోనాస్. ఇది మొండి ఘటం. చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగదు. చుట్టూ జిగురు పొర కట్టుకుని మందు తగలకుండా దాక్కుంటుంది. చెవిలోంచి పచ్చటి చీము, ముక్కు మూసుకునేంత కంపు వస్తుంటే, చెవి తాకనివ్వనంత నొప్పి ఉంటే ముందుగా దీన్నే అనుమానించాలి.

కంచం దగ్గర కనిపించే గుర్తులు

తల విదిలించడం, గోక్కోవడం, వాసన, చీము కారడం బయటి చెవి జబ్బులోనూ ఉంటాయి. లోతుకు దిగిందని చెప్పే గుర్తులు వేరు. వాటిని పట్టుకోవడానికి మంచి చోటు కుక్క అన్నం తినే కంచం.

బుల్లా దవడ కీలుకి ఆనుకుని ఉంటుంది. అక్కడ చీము, వాపు ఉంటే నోరు పూర్తిగా తెరవడం నొప్పి. నిన్నటిదాకా ఎముకను పటపటా కొరికిన కుక్క ఇవాళ దాన్ని నోట కరుచుకుని, ఒక్కసారి నమిలి, కింద పడేసి, దాని వైపే చూస్తూ కూర్చుంటుంది. మెత్తటి అన్నం మాత్రం తింటుంది. ఒక పక్క పళ్లతోనే నములుతుంది. ఆవలించబోయి మధ్యలో ఆపేసి కుయ్యిమంటుంది. పంటి నొప్పి అనుకుని నోరు చూస్తారు, పళ్లు బాగానే ఉంటాయి. చెవి మొదలు దగ్గర, దవడ వెనక వేలితో మెల్లగా ఒత్తితే మాత్రం తల లాక్కుంటుంది. ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అనని కుక్క తల నిమరబోతే గుర్రుమంటుంది. పొగరెక్కిందని కొట్టేవాళ్లూ ఉన్నారు. ఆ నోరులేని జీవి నొప్పి అని చెప్పడానికి దానికున్నది ఆ ఒక్క గుర్రే.

పిలిస్తే పలకకపోవడం, గేటు చప్పుడుకి లేవకపోవడం కూడా గమనించాలి. ఒక చెవి పోయినంత మాత్రాన పెద్దగా తెలియదు, రెండో చెవితో నెట్టుకొస్తుంది. శబ్దం ఎటునుంచి వచ్చిందో తెలియక దిక్కులు చూస్తుంటే అది కూడా ఒక ఆచూకీ.

ముఖ నరం దెబ్బతింటే ఆ పక్క పెదవి వేలాడుతుంది. నీళ్లు తాగితే ఆ పక్కనుంచి కారిపోతాయి, అన్నం మెతుకులు బుగ్గలో ఉండిపోతాయి. ఆ పక్క కన్ను రెప్ప వేయదు. కంటి మూల దగ్గర వేలితో మెల్లగా తాకితే బాగున్న కన్ను టక్కున మూసుకుంటుంది, దెబ్బతిన్నది తెరిచే ఉంటుంది. కొన్ని కుక్కల్లో కన్నీరు కూడా తగ్గిపోయి కంట్లో జిగురు పుసి, అదే పక్క ముక్కు రంధ్రం ఎండి పెచ్చుకట్టడం కనిపిస్తాయి. దీన్ని కంటి జబ్బు అనుకుని వారాల తరబడి కంటికే చుక్కలు వేస్తూ పోవడం జరుగుతుంటుంది. ఇక కంటిపాపను అదుపు చేసే నరం దెబ్బతింటే ఒక కంటిపాప చిన్నదై, పై రెప్ప వాలి, కంటి లోపలి మూల నుంచి మూడో రెప్ప పైకి వస్తుంది. రెండు కళ్లూ ఒకేలా లేవనిపిస్తే చెవి చూపించాల్సిందే.

లోపలి చెవికి పాకితే బ్యాలెన్స్ పోతుంది. జబ్బు ఉన్న చెవి వైపు తల ఒరుగుతుంది, అటువైపే గుండ్రంగా తిరుగుతుంది, తూలి పడుతుంది. ఘాట్ రోడ్డులో బస్సెక్కిన మనిషికి తిప్పినట్టు దానికి కదలకుండా పడుకున్నా తిప్పుతూనే ఉంటుంది. అన్నం ముట్టకపోవడానికీ వాంతులకీ అదే కారణం.

ఇదే గుర్తుల్ని ఇంకో రెండు విషయాలతో పొరబడుతుంటారు. ఒకటి, ముసలి కుక్కల్లో కారణం ఏదీ లేకుండా హఠాత్తుగా వచ్చే బ్యాలెన్స్ సమస్య. తల ఒరగడం, కనుగుడ్లు కొట్టుకోవడం అచ్చం ఇలాగే ఉంటాయి. కానీ రెండు మూడు రోజుల్లో తేరుకోవడం మొదలై రెండు మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది, ముఖ నరం జోలికి పోదు. పన్నెండేళ్ల కుక్క ఒక్కసారిగా పడిపోయిందని టెన్షన్ పడి, ఇక లాభం లేదని దానికి ఇంజెక్షన్ ఇప్పించి పంపేయాలనుకునే ముందు ఒక్క వారం ఆగి చెవి చూపించడం న్యాయం.

రెండోది రేబిస్. నోటి నుంచి చొంగ, తూలుతున్న నడక చూడగానే మన వీధుల్లో జనానికి ముందు వచ్చే మాట అదే. చెవి జబ్బు ఉన్న కుక్కకు సాధారణంగా చొంగ ఒక పక్కనుంచే కారుతుంది, మనుషుల్ని గుర్తుపడుతుంది, పిలిస్తే తోక ఊపుతుంది. రేబిస్‌లో తీరు మారిపోతుంది, గొంతు మారుతుంది, కింది దవడ మొత్తం జారవచ్చు, మింగలేదు, రోజురోజుకీ దిగజారి కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. అలాగని ఇంట్లో మనమే తేల్చేసే విషయం కాదిది. టీకా వేయించినట్టు ఆధారం లేని కుక్కైనా వీధి కుక్కైనా డాక్టర్ చూసేదాకా నోట్లో చేయి పెట్టకూడదు, మందు మింగించబోకూడదు. కరిచినా, గాయం మీద చొంగ పడినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్లాలి.

డాక్టర్ దగ్గర జరగాల్సినవి

దూదితో చెవి తుడిచి, వాసన చూసి, మందు రాసిచ్చేస్తే తిరగబెట్టే చెవికి అది చాలదు. చెవి లోపల చూసే లైటు గొట్టం, అదే ఓటోస్కోప్‌తో వంపు దాటి కర్ణభేరి దాకా చూడాలి. నొప్పితో ఉన్న కుక్క మెలకువగా ఉండగా అది కుదరదు, మత్తు ఇవ్వాల్సి వస్తుంది. మత్తు మాట వినగానే చాలామంది వద్దంటారు. మత్తు లేకుండా చేసే పరీక్ష చాలాసార్లు పైపైనే ఆగిపోతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

చవగ్గా, పది నిమిషాల్లో అయిపోయే పరీక్ష ఒకటుంది. చెవి జిగురును స్లైడ్ మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం. ఈస్ట్ అయితే నడుం నొక్కినట్టున్న చిన్న వేరుశనగ కాయల్లా కనిపిస్తుంది. స్టాఫిలోకాకస్ గుండ్రటి చుక్కల గుంపు. కడ్డీల్లా కనిపించే బ్యాక్టీరియా ఉంటే సూడోమోనాస్ అనుమానం, అప్పుడు కల్చర్ పరీక్ష చేయించి ఏ మందు పని చేస్తుందో చూసుకోవాలి. ఈస్ట్‌కి యాంటీబయాటిక్ వాడినా, బ్యాక్టీరియాకి ఫంగస్ మందు వాడినా డబ్బు దండగ, నెలలు దండగ. స్లైడ్ చూడకుండా మూడోసారి కూడా మందు మారుస్తున్నారంటే, స్లైడ్ చూడమని అడగడం కుక్క యజమాని హక్కు. బయటి గొట్టంలో ఒక క్రిమి, మధ్య చెవిలో ఇంకో క్రిమి ఉండటం కూడా మామూలే. అందుకే కుదిరితే లోపలి నుంచి విడిగా శాంపిల్ తీస్తారు. కర్ణభేరి మూసుకుని, ఉబ్బి, రంగు మారి ఉంటే దానికి సన్నటి గాటు పెట్టి లోపలి ద్రవం తీస్తారు. ఆ గాటు కొన్ని వారాల్లో మానిపోతుంది.

బుల్లా ఎలా ఉందో చూడటానికి ఎక్స్‌రే, సీటీ స్కాన్ ఉన్నాయి. ఎక్స్‌రేలో ఎముక గోడ మందం కావడం, లోపల గాలి ఉండాల్సిన నల్లటి చోటు తెల్లబడటం కనిపించవచ్చు. కానీ ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కొట్టిపారేయలేం. సీటీ చాలా మేలు. అయితే కుక్కలకు సీటీ తీసే చోట్లు పెద్ద నగరాల్లోనే ఉంటాయి, ఖర్చూ ఎక్కువే. చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లకు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల ఉన్న వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు మంచి దారి. స్కాన్ లేకపోయినా లక్షణాలు, మత్తులో చేసిన ఓటోస్కోప్ పరీక్ష, స్లైడ్ కలిపి చూసి చాలా కేసుల్లో వైద్యం మొదలుపెట్టగలుగుతారు.

కడగాలి, ఓపిక పట్టాలి

వైద్యంలో మొదటి మెట్టు లోపల పేరుకున్నది బయటికి తీయడం. పూర్తి మత్తులో, గోరువెచ్చటి సెలైన్‌తో, సన్నని గొట్టం ద్వారా చెవిని లోతుగా కడుగుతారు. ఆ సమయంలో గొంతులో శ్వాస గొట్టం వేసి తీరాలి. ఎందుకంటే మధ్య చెవిలో పోసిన నీళ్లు యూస్టేషియన్ నాళంలోంచి గొంతులోకి జారి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. టేబుల్ మీద కుక్కను నలుగురు గట్టిగా పట్టుకుని చేసే పని కాదిది. గొట్టం బాగా వాచి మూసుకుపోయి ఉంటే ముందు ఒకటి రెండు వారాలు స్టెరాయిడ్‌తో వాపు తగ్గించి ఆ తర్వాత కడుగుతారు. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు దాంతోపాటు నొప్పి మాత్రలు ఇవ్వకూడదు. రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి. మనుషులు వాడే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలైతే స్టెరాయిడ్ ఉన్నా లేకపోయినా కుక్కలకు ఇవ్వనే కూడదు. కడుపు, కిడ్నీలు రెండూ దెబ్బతింటాయి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది చెవిలో ఏం పోస్తున్నామన్న దాని గురించి. కర్ణభేరి చిరిగి ఉంటే చెవిలో వేసినది నేరుగా మధ్య చెవిలోకి, అక్కడి నుంచి లోపలి చెవికి చేరుతుంది. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు, క్లోర్‌హెక్సిడిన్, స్పిరిట్ కలిసిన క్లీనర్లు అక్కడ వినికిడినీ బ్యాలెన్స్‌నీ దెబ్బతీయగలవు. ఆ నష్టం కొన్నిసార్లు శాశ్వతం. మందుల షాపుల్లో అడగ్గానే ఇచ్చే చెవి చుక్కల్లో ఈ రకం మందులున్నవి చాలానే ఉంటాయి. పక్కింటి కుక్కకు పని చేసిందని అదే సీసా తెచ్చి వేయడం ఎంత ప్రమాదమో ఇక్కడ అర్థమవుతుంది. చుక్కలు వేసిన కాసేపటికే కుక్క తూలినా, తల ఒరిగినా, పిలుపు వినకపోయినా ఆ మందు వెంటనే ఆపేసి డాక్టర్‌కి ఫోన్ చేయాలి. కర్ణభేరి సంగతి తేలని చెవికి డాక్టర్లు మామూలుగా సెలైన్‌నే నమ్ముకుంటారు. మందు అవసరమైతే ఎన్రోఫ్లాక్సాసిన్ తరహా యాంటీబయాటిక్స్ వైపు చూస్తారు.

వెల్లుల్లి కాచిన నూనె, వేడి చేసిన కొబ్బరి నూనె, నురగలు వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ మన ఇళ్లలో తరతరాలుగా మనుషుల చెవులకు వాడుతున్నవే. ప్రేమతోనే కుక్కకీ పోస్తారు. వంపు తిరిగిన గొట్టం అడుగున ఆ నూనె నిలిచి, ఈస్ట్‌కి మేత అవుతుంది. పెరాక్సైడ్ పచ్చి పుండు మీద మంట పెడుతుంది. ఇయర్ బడ్ గుబిలిని బయటికి లాగదు, వంపు దాటించి కర్ణభేరి మీదికి కూరుతుంది.

మధ్య చెవికి నోటి మాత్రలు, అవసరాన్ని బట్టి చుక్కలు కలిపి సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు నడుస్తాయి. పదో రోజుకే కుక్క హుషారుగా తిరుగుతుంది, వాసన పోతుంది, ఇంట్లోవాళ్లు మాత్రలు ఆపేస్తారు. సరిగ్గా అప్పుడే లోపల మిగిలిన మొండి క్రిములు బతికి బట్టకట్టి, వాడిన మందుకే ఎదురు తిరుగుతాయి. తర్వాతి విడత మొదటిదానికంటే కష్టంగా, ఖరీదుగా ఉంటుంది. మందు ఆపాలా వద్దా అన్నది కుక్క హుషారును బట్టి తేల్చేది కాదు. రెండు మూడు వారాలకోసారి స్లైడ్ చూసి, అందులో ఏమీ లేదని తేలాక ఆపాలి. ఇన్ఫెక్షన్ పోతే చిరిగిన కర్ణభేరి మూడు నుంచి ఐదు వారాల్లో చాలావరకు మళ్లీ పెరుగుతుంది. ఓటోస్కోప్‌లో ఆ కొత్త పొర కనిపించడం మంచి సూచన.

అసలు కారణం వేరే చోట

చెవిలో బ్యాక్టీరియా ఉంది సరే, అది అక్కడ ఎందుకు చేరిందన్నది విడిగా తేల్చాలి. చాలా కుక్కల్లో దీని వెనక ఉన్నది అలర్జీ. అది ఒంటి నిండా ఉంటుంది, చెవిలో ముందు బయటపడుతుంది. పాదాలు నాకి నాకి ఎర్రగా చేసుకోవడం, పొట్ట అడుగున ఎర్రటి దద్దుర్లు, చంకల్లో దురద కూడా ఉంటే అనుమానం దాదాపు ఖాయం. గాలిలోని దుమ్ము, పుప్పొడి కారణం కావచ్చు, తిండి కావచ్చు. తిండి అని తేల్చుకోవడానికి కనీసం ఎనిమిది వారాలు, ఇంతవరకూ తినని ఒకే రకం మాంసకృత్తులతో పథ్యం పెడతారు. మన ఇళ్లలో ఇది బెడిసికొట్టేది పెరుగన్నం దగ్గర. పథ్యం అంతా సక్రమంగా నడుస్తుంటుంది, తాతయ్య మాత్రం రాత్రి కంచంలో మిగిలిన పెరుగన్నం ముద్ద, పిల్లలు టీలో ముంచిన బిస్కెట్ పెడుతూనే ఉంటారు. పాలు, కోడి మాంసం, గోధుమ కుక్కల అలర్జీల్లో తరచూ కనిపించేవే కాబట్టి ఆ ముద్దతో ఎనిమిది వారాల పథ్యం వృథా అయిపోతుంది.

చిన్న కూనల్లో కాఫీ పొడి లాంటి నల్లటి పొట్టు చెవిలో ఉంటే చెవి పురుగులను అనుమానించాలి. కంటికి సరిగా ఆనని ఈ పురుగులు ఇంట్లో మిగతా కుక్కలకీ పిల్లులకీ అంటుకుంటాయి కాబట్టి అన్నిటికీ ఒకేసారి మందు వేయాలి. పొలాల గట్ల మీద తిరిగి వచ్చిన కుక్క హఠాత్తుగా ఒక్క చెవినే విపరీతంగా విదిలిస్తుంటే గడ్డి ముల్లు దిగి ఉండొచ్చు. అది కర్ణభేరిని చీల్చుకుని లోపలికి పోగలదు. నడివయసు కుక్క లావెక్కి, మందకొడిగా ఉండి, వెంట్రుకలు రాలుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. ఒక్క చెవే ఏళ్ల తరబడి బాధిస్తుంటే లోపల కండ గానీ కణితి గానీ పెరిగిందేమో చూడాలి.

కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతి సంగతి వేరు. వీటిలో క్రిములేవీ లేకుండానే మధ్య చెవిలో చిక్కటి జిగురు నిండి కర్ణభేరి ఉబ్బుతుంది. మెడ నొప్పి, వినికిడి తగ్గడం తప్ప చీము, వాసన ఉండకపోవచ్చు. యాంటీబయాటిక్ దీనికి మందు కాదు. కర్ణభేరికి గాటు పెట్టి కడగడమే, అదీ కొన్నిసార్లు మళ్లీ మళ్లీ.

ఏళ్ల తరబడి నిర్లక్ష్యం జరిగితే గొట్టం గోడలు మందమై, సున్నం పేరుకుని రాయిలా గట్టిపడతాయి. వేలితో తడిమితే గట్టి పైపులా తగులుతుంది. ఆ దశలో మందు లోపలికి పోయే దారే ఉండదు. అప్పుడు మిగిలేది చెవి గొట్టం మొత్తం తీసేసి, బుల్లా తెరిచి శుభ్రం చేసే ఆపరేషన్. వినడానికి భయంగానే ఉంటుంది. ముఖ నరం దెబ్బతినే ప్రమాదమూ ఉంది కాబట్టి అలవాటున్న సర్జన్ చేతుల్లోనే జరగాలి. ఆ చెవికి వినికిడి అప్పటికే చాలావరకు పోయి ఉంటుంది కనుక కొత్తగా పోగొట్టుకునేది తక్కువ. నొప్పి పోవడం మాత్రం కొద్ది వారాల్లోనే తెలుస్తుంది. ముడుచుకుని మూలన పడుకునే కుక్క మళ్లీ బంతి నోట కరుచుకుని వస్తుంది.

తల ఒరిగిన కుక్కను ఇంట్లో చూసుకోవడం

బ్యాలెన్స్ పోయిన కుక్కకు మొదటి వారం ఇంట్లో సాయం కావాలి. టైల్స్, గ్రానైట్ నేల దానికి మంచు మీద నడకలాంటిది. పాత గోనె సంచులో, యోగా మ్యాట్లో పరిస్తే కాళ్లకు పట్టు దొరుకుతుంది. మెట్ల దగ్గర అడ్డు పెట్టాలి. డాబా మీదికి వదలకూడదు. ఎత్తుకుని గిరగిరా తిప్పకూడదు, తిప్పడం ఎక్కువై వాంతి చేసుకుంటుంది. గిన్నె వంక మూతి సరిగా పోనివ్వలేదు కాబట్టి గిన్నె చేత్తో పట్టుకుని మూతి దగ్గర పెట్టాలి, నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాలి. వాంతులు తగ్గడానికి డాక్టర్ మందు ఇస్తారు. రెప్ప పడని కంటికి రోజుకు నాలుగైదు సార్లు కన్నీటి చుక్కలో జెల్లో వేయకపోతే కన్ను ఎండి పుండు పడుతుంది. చెవి గొడవలో కంటి సంగతి మరిచిపోవడం మామూలే, కానీ ఆ మరుపు కన్ను పోవడం దాకా వెళ్లగలదు.

కనుగుడ్లు కొట్టుకోవడం సాధారణంగా కొద్ది రోజుల్లో ఆగుతుంది. నడక రెండు మూడు వారాల్లో కుదుటపడుతుంది. తల ఒరగడం, పెదవి వాలడం మాత్రం కొన్ని కుక్కల్లో జీవితాంతం కొంత మిగిలిపోతాయి. దాన్ని చూసి మందు పని చేయలేదనుకోకూడదు. ఇన్ఫెక్షన్ పోయినా నరం పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఒరిగిన తలతోనే కుక్క మెట్లెక్కడం, పరిగెత్తడం నేర్చుకుంటుంది. కానీ వైద్యం నడుస్తుండగా మత్తుగా పడి ఉండటం, ఫిట్స్ రావడం, నాలుగు కాళ్లలో ఒక పక్క బలం తగ్గడం, జ్వరం కనిపిస్తే ఇన్ఫెక్షన్ మెదడు వైపు పాకుతోందని అనుమానించాలి. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు. రాత్రైనా సరే, తెరిచి ఉన్న వెటర్నరీ ఆసుపత్రి ఏదో కనుక్కుని తీసుకెళ్లాలి.